‘బెలారుసియన్’ అనే మాటలోని ‘రుస్’ రష్యా కాదు

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. ‘బెలారుసియన్’ అంటే దేశస్థుడా, జాతికి చెందినవాడా, భాషా అన్నది మీ మొదటి సందేహం. అది రష్యన్‌లోనే ఒక రకమా అన్నది రెండవది. తెలుగులో బెలారష్యన్, బెలారసియన్, బైలోరష్యన్, శ్వేత రష్యన్ అని నాలుగైదు రూపాలు కనిపిస్తున్నాయి కాబట్టి వీటిలో ఏది రాయాలన్నది మూడవది. రష్యన్ నుంచి తెలుగులోకి చాలా ఏళ్లుగా అనువాదాలు చేస్తూ, ఆ పని కోసమే బెలారుసియన్ భాషను కూడా కొంత చదువుకున్నవాడిగా నాకు తెలిసినంత వివరంగా చెబుతాను. మూడు సందేహాలకూ మూలం ఒక్కటే. ఈ మాటలో ఉన్న ‘రుస్’ను మనం ‘రష్యా’గా చదువుకుంటున్నాం. ఆ ఒక్క పొరపాటు సర్దుకుంటే మిగిలినవి చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి.

రష్యా, పోలండ్, ఉక్రెయిన్‌ల నడుమ ఉన్న బెలారస్ దేశం పేరు రెండు ముక్కల సమాసం. ‘బెల’ అంటే తెల్లని. ‘రుస్’ (మూల ఉచ్చారణలో ‘రూస్’) అంటే తొమ్మిదవ శతాబ్దం నుంచి పదమూడవ శతాబ్దం వరకు కీవ్ నగరం ప్రధాన కేంద్రంగా విలసిల్లిన తూర్పు స్లావుల రాజ్యం, ఆ రాజ్యపు నేల, ఆ నేల మీది జనం. నేటి బెలారస్‌లో ఉన్న పోలొత్స్క్ ఆ రాజ్యపు పాత పట్టణాల్లో ఒకటి. చరిత్రకథనాల్లో దాని పేరు 862వ సంవత్సరం కిందనే కనిపిస్తుంది. అప్పటికి మాస్కో పేరు ఎక్కడా లేదు. మాస్కో పాలకులు తమ రాజ్యాన్ని పిలుచుకున్న ‘రస్సీయ’ అనే పేరు గ్రీకు రూపం మీదుగా వచ్చి, చాలా కాలం తరువాత స్థిరపడిన మాట. 1721లో పీటర్ చక్రవర్తి సామ్రాజ్యాన్ని ప్రకటించినప్పుడు అధికారికంగా నిలిచినది ఆ పేరే. అంటే ‘రూస్’, ‘రస్సీయ’ అనేవి ఒకే మూలం నుంచి వచ్చినా రెండు వేర్వేరు పేర్లు. రష్యన్ భాషలోనూ బెలారుసియన్ భాషలోనూ ఈ రెండింటినీ వేర్వేరుగానే రాస్తారు. ఇంగ్లీషులో రెండూ దాదాపు ఒకేలా వినిపించడం వల్ల, ఇంగ్లీషు మీదుగా ఈ పేర్లు నేర్చుకున్న మనకు ఆ తేడా అందలేదు.

ఇక ‘తెలుపు’ సంగతి. మధ్యయుగంలో ఈ నేలను రంగులతో విడదీసి పిలిచే అలవాటు ఉండేది. నవాహ్రూదక్ చుట్టుపట్ల ప్రాంతాన్ని నల్ల రూస్ అనేవారు. నేటి పశ్చిమ ఉక్రెయిన్‌లోని హాలిచ్, ల్వీవ్ ప్రాంతాన్ని ఎర్ర రూస్ అనేవారు. తెల్ల రూస్ అన్న పేరు మొదట్లో ఒక చోట నిలకడగా లేదు. లాటిన్ రచనల్లో అది వేర్వేరు ప్రాంతాలకు వాడుకలో ఉండి, 16, 17 శతాబ్దాలలో పోలొత్స్క్, వీతెబ్స్క్, మహిల్యోవ్ వైపు తూర్పు ప్రాంతానికి స్థిరపడింది. తెలుపు ఎందుకన్నదానికి పలు వివరణలు చెబుతారు. తాతారులకు కప్పం కట్టని నేల కాబట్టి అని కొందరు, దిక్కులను రంగులతో గుర్తించే పాత పద్ధతి ప్రకారం పడమటి వైపు కాబట్టి అని కొందరు, జనం తొడిగే నారబట్టల రంగును బట్టి అని మరికొందరు అన్నారు. పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. అయితే ఒక్కటి మాత్రం నిశ్చయంగా చెప్పవచ్చు. ఈ తెలుపుకు మనుషుల ఒంటిరంగుతో సంబంధం లేదు, 1917 రష్యా విప్లవం తరువాతి రాజకీయాలతోనూ సంబంధం లేదు. అందుకే తెలుగులో ‘శ్వేత’ అని అనువదించడం నాకు సమ్మతం కాదు. ఊరి పేరులో అర్థం ఉన్నంత మాత్రాన ఊరి పేరును అనువదించము కదా.

ఇంతవరకూ స్పష్టంగానే ఉన్నా, చిక్కు తరువాత వస్తుంది, దాన్ని దాచిపెట్టడం సరికాదు. రష్యన్ భాషలో ‘రష్యా రాజ్యానికి సంబంధించిన’ అనే అర్థానికి ఒక విశేషణం, ‘రష్యన్ జాతికీ భాషకూ సంబంధించిన’ అనే అర్థానికి మరొక విశేషణం ఉన్నాయి. మొదటిదైన ‘రస్సీస్కీ’ రస్సీయ నుంచి వచ్చింది. రెండవదైన ‘రూస్కీ’ మాత్రం రూస్ నుంచే వచ్చింది. ఈ రెండవ మాటను ఆధారం చేసుకొని పంతొమ్మిదవ శతాబ్దపు రష్యన్ సామ్రాజ్యం ఒక సిద్ధాంతాన్ని నిలబెట్టింది. మహా రష్యన్లు, చిన్న రష్యన్లు, తెల్ల రష్యన్లు అని ఉన్నది ఒకే రష్యన్ జాతికి మూడు శాఖలేనన్నది దాని సారాంశం. చిన్న రష్యన్లు అంటే ఉక్రెయిన్ వారు, తెల్ల రష్యన్లు అంటే బెలారుసియన్లు. 1897 జనాభా లెక్కల్లో బెలారుసియన్‌ను మాతృభాషగా చెప్పుకున్నవారు దాదాపు 59 లక్షల మంది ఉన్నారు. కానీ ఆ లెక్కల పట్టికలో ఆ భాషను ‘రష్యన్’ అనే పెద్ద శీర్షిక కిందనే ఒక ఉపవిభాగంగా చూపారు. ‘బెలారుసియన్ అంటే రష్యన్‌లో ఒక రకం’ అని ఇవాళ మనం వినే మాట భాషాశాస్త్రం నుంచి వచ్చినది కాదు, ఆ పట్టిక వెనుక ఉన్న పాలనా దృష్టి నుంచి వచ్చినది.

భాషాశాస్త్రం ప్రకారం రష్యన్, ఉక్రేనియన్, బెలారుసియన్ మూడూ తూర్పు స్లావు శాఖకు చెందిన సోదర భాషలు. తెలుగుకూ కన్నడానికీ లిపి దగ్గరగా ఉన్నంత మాత్రాన ఒకటి మరొకదాని మాండలికం కానట్టే, సిరిలిక్ లిపిలో రాసినంత మాత్రాన బెలారుసియన్ రష్యన్‌కు మాండలికం కాదు. రష్యన్‌లో కృతజ్ఞతను ‘స్పసీబ’ అంటారు, బెలారుసియన్‌లో ‘జ్యాకుయ్’ అంటారు. ఎరుపు రష్యన్‌లో ‘క్రాస్నీ’, బెలారుసియన్‌లో ‘చిర్వోనీ’. రష్యన్ వారు నెలలకు లాటిన్ పేర్లు వాడుతుండగా, వీరు ‘స్తూద్జెన్’, ‘ల్యూతీ’, ‘సకావిక్’ అంటూ తమ స్లావు పేర్లను నిలుపుకొన్నారు. వీటిలో సకావిక్ మార్చి నెల, చెట్లలో రసం ఊరే కాలం అని దాని అర్థం. రష్యన్ వర్ణమాలలో లేని ఒక అక్షరం కూడా వారికి ఉంది. ‘ఉ’ అక్షరం నెత్తిన చిన్న గిన్నెలాంటి గుర్తు పెట్టి రాసే ఆ అక్షరాన్ని మన ‘వ్’కూ ‘ఉ’కూ మధ్యస్థంగా పలుకుతారు. దానికి పోలొత్స్క్‌లో 2003లో ఒక స్మారకం నిలబెట్టారు. ఒక అక్షరానికి రాతిగుర్తు నిలబెట్టుకున్న జనానికి తమ భాష పేరు ఎవరు ఎలా రాస్తున్నారన్నది చిన్న విషయం కాదని గ్రహిస్తే చాలు.

అసలు ఈ జనం తమను తాము ఎప్పటి నుంచి ఈ పేరుతో పిలుచుకుంటున్నారు అన్నది మీరు అడగకపోయినా చెప్పవలసిన సంగతి, ఎందుకంటే పాత వ్యక్తుల గురించి రాసేటప్పుడు అది అవసరమవుతుంది. నేటి బెలారస్ నేల శతాబ్దాల పాటు లిథువేనియా మహాసంస్థానంలో భాగం. 1529, 1566, 1588 సంవత్సరాల నాటి ఆ సంస్థానపు ధర్మశాసనాలు రాసిన భాషను నేటి పండితులు రుథేనియన్ అనీ, పాత బెలారుసియన్ అనీ అంటారు. ఉక్రెయిన్ పండితులు అదే భాషను పాత ఉక్రేనియన్ అంటారు. 1517లో ప్రాగ్ నగరంలో బైబిలులోని కీర్తనల గ్రంథాన్ని అచ్చువేసిన పోలొత్స్క్ వాస్తవ్యుడు ఫ్రాంత్సిస్క్ స్కరీన తన భాషను ‘రూస్కీ’ అనే చెప్పుకున్నాడు. ఆ రోజుల్లో ఆ మాటకు మాస్కో భాష అని అర్థం లేదు. మాస్కో వారి భాషను వీరు మాస్కో భాష అనే అనేవారు. సంస్థానపు ప్రజలుగా తమను ‘లిత్వీన్’లు అని చెప్పుకున్నవారు కూడా ఈ నేల మీద ఎందరో ఉన్నారు. 1798లో నవాహ్రూదక్ దగ్గర పుట్టిన ఆదమ్ మిత్స్క్యేవిచ్ పోలిష్ భాషలో రాశాడు, తన మాతృభూమిని లిథువేనియా అన్నాడు. నేటి సరిహద్దులను బట్టి ఆయనను బెలారుసియన్ కవి అని ఒక్క మాటలో రాసేస్తే అది నన్నయను ఆంధ్రప్రదేశ్ కవి అన్నట్టే ఉంటుంది. పుట్టిన చోటు చెప్పాలనుకుంటే ‘నేటి బెలారస్‌లోని నవాహ్రూదక్ దగ్గర పుట్టిన’ అని రాయండి, అది సత్యమూ అవుతుంది, ఎవరినీ నొప్పించదు.

పల్లెల్లో పరిస్థితి ఇంకా వేరు. మీరెవరు అని అడిగితే అక్కడి రైతులు చాలాకాలం ‘తుతేయ్షియ’ అని జవాబిచ్చేవారు, అంటే ‘ఇక్కడివాళ్లం’ అని. ఇది జానపద కథ కాదు. 1931లో పోలండ్ జరిపిన జనాభా లెక్కల్లో అప్పట్లో తన పాలనలో ఉన్న, ప్రీపెత్ నదీ పరీవాహకమైన పొలేసియె ప్రాంతంలో 7 లక్షల మందికి పైగా తమ భాషను ‘ఇక్కడి భాష’ అని రాయించుకున్నారు. ఆ జవాబును చాలామంది వెనుకబాటుతనంగా చూశారు. నాకు అలా అనిపించదు. ఒక శతాబ్దంలో ఒక రాజ్యం, మరొక శతాబ్దంలో మరొక రాజ్యం వచ్చి, వచ్చినవారంతా తలకొక పేరు పెట్టి పోతుంటే, కదలకుండా ఉన్నవాడికి తన ఊరే తన పేరు అవుతుంది. బెలారుసియన్ కవి యాంక కుపాల ఆ మాటనే పేరుగా పెట్టి ఒక నాటకం రాశాడంటే అది జనజీవితంలో ఎంత లోతుగా నాటుకొని ఉండేదో తెలుస్తుంది. ఇరవయ్యవ శతాబ్దపు మొదట ఆయనా, ఆయనతో పాటు 1882లోనే పుట్టిన యాకుబ్ కోలసూ, వారి తరం రచయితలూ, పత్రికలవారూ కలిసి తూర్పు ప్రాంతానికే పరిమితమైన పాత పేరును మొత్తం జనానికి సొంత పేరుగా మలిచారు. ఆ పేరుతోనే 1918 మార్చి 25న బెలారుసియన్ ప్రజా గణరాజ్యం స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. అది ఎక్కువ కాలం నిలవలేదు. 1919 జనవరి 1న స్మొలెన్స్క్‌లో సోవియట్ గణరాజ్యం ప్రకటితమైంది. 1945లో ఐక్యరాజ్యసమితి స్థాపక సభ్యుల జాబితాలో చేరినది ఆ సోవియట్ గణరాజ్యమే.

ప్రపంచం ఆ గణరాజ్యాన్ని పిలిచిన పేరు మాత్రం రష్యన్ నుంచి తీసుకున్నది. రష్యన్‌లో దేశం పేరు ‘బెలరూస్సియ’, అక్షరాలా చూస్తే ‘బెలోరుస్సియ’. దాని నుంచే ఇంగ్లీషు వారి బైలోరష్యా వచ్చింది. సోవియట్ కాలంలో మన చేతికి వచ్చిన తెలుగు పుస్తకాల్లో బైలోరష్యా, బెలోరష్యా అని కనిపించేది అందుకే. 1990 జూలై 27న సార్వభౌమత్వాన్ని, 1991 ఆగస్టు 25న స్వాతంత్ర్యాన్ని స్థిరపరచుకున్న తరువాత, 1991 సెప్టెంబరు 19న ఆ దేశ చట్టసభ కొత్త పేరును చట్టంగా చేసింది. పూర్తి పేరు బెలారస్ గణరాజ్యం, పొట్టి పేరు బెలారస్ అని నిర్ణయించడంతో పాటు, ఈ పేర్లను ఇతర భాషల్లో బెలారుసియన్ ఉచ్చారణను అనుసరించి రాయాలని ఆ చట్టంలోనే చెప్పింది. అంటే ఇతర భాషలవారు తమ పేరును రష్యన్ మీదుగా కాకుండా తమ నోటి నుంచే తీసుకోవాలని ఆ దేశం అడిగింది. ఒరిస్సాను ఒడిశాగా, ఒరియాను ఒడియాగా 2011లో మార్చినప్పుడు మనం ఆ మార్పును గౌరవించి రాయడం మొదలుపెట్టాం కదా, ఇదీ అటువంటి విన్నపమే.

రష్యన్ రూపానికీ సొంత రూపానికీ తేడా రెండు అక్షరాల్లో ఉంది, ఆ రెండూ వ్యాకరణ రహస్యాలే. మొదటిది, సమాసం మధ్యలో ఉన్న అచ్చు. రష్యన్‌లో అక్కడ ‘ఒ’ రాస్తారు. బెలారుసియన్ లేఖన నియమం ప్రకారం ఊనిక (నొక్కి పలకడం) లేని చోట ‘ఒ’ను ‘అ’గా పలకడమే కాదు, ‘అ’గానే రాస్తారు. రష్యన్‌లో పలుకు మారినా రాత మారదు, ఇక్కడ రాత కూడా పలుకును అనుసరిస్తుంది. కాబట్టి ‘బెలో’ అని కనిపిస్తే అది రష్యన్ రూపం, ‘బెల’ అని కనిపిస్తే సొంత రూపం. రెండవది, ‘స’కారం. రష్యన్ విశేషణంలో రెండు ‘స’లు రాస్తారు, బెలారుసియన్ విశేషణంలో ఒక్కటే రాస్తారు. పురుషలింగంలో ‘బెలరూస్కీ’, స్త్రీలింగంలో ‘బెలరూస్కయ’, బహువచనంలో ‘బెలరూస్కియ’. భాష అనే అర్థమిచ్చే ‘మోవ’ స్త్రీలింగం కాబట్టి భాష పేరు ‘బెలరూస్కయ మోవ’. ఆ జాతి పురుషుడు ‘బెలరూస్’, స్త్రీ ‘బెలరూస్క’. దేశం పేరులోని చివరి ‘స’ను నాలుకను అంగిటికి తగిలించి మెత్తగా పలుకుతారు, మనిషి పేరులోని ‘స’ను గట్టిగా పలుకుతారు. ఈ మెత్తదనాన్ని తెలుగు లిపిలో చూపలేము, చూపడానికి ప్రయత్నించవలసిన అవసరమూ లేదు.

ఈ ఒక్క ‘స’ గురించి జర్మన్ భాషలో పెద్ద చర్చే జరిగింది. వారు చాలాకాలం తెల్ల రష్యా అనే అర్థమిచ్చే ‘వైస్‌రుస్‌లాంట్’ అనే మాట వాడారు. క్రమంగా బెలారస్ వైపు మళ్లిన తరువాత, విశేషణంలో ఒక ‘స’ రాయాలా రెండు రాయాలా అన్న ప్రశ్న మిగిలింది. రెండు రాస్తే రష్యన్‌కు దగ్గరగా, ఒకటి రాస్తే రూస్‌కు దగ్గరగా ఉంటుందన్నదే వాదన అంతా. స్వీడన్ ప్రభుత్వం 2019లో, నార్వే ప్రభుత్వం 2022లో తమ భాషల్లోని ‘తెల్ల రష్యా’ పేర్లను వదిలి బెలారస్ అనే పేరు తీసుకున్నాయి. ఫిన్నిష్ భాషలోనూ చైనీస్ భాషలోనూ ఇప్పటికీ తెల్ల రష్యా అనే అర్థమిచ్చే మాటలే వాడుకలో ఉన్నాయి.

ఇప్పుడు తెలుగు దగ్గరకు వద్దాం. నిజమైన ఉచ్చారణకు దగ్గరగా రాయాలంటే దేశం పేరు ‘బెలరూస్’ అవుతుంది, ఎందుకంటే ఊనిక చివరి అచ్చు మీద పడుతుంది, మన చెవికి ఊనిక దీర్ఘంగానే వినిపిస్తుంది. మన పత్రికల్లో స్థిరపడిన ‘బెలారస్’ ఇంగ్లీషు అక్షరాలను చూసి రాసుకున్న రూపం. అందులో దీర్ఘం రావలసిన చోట రాలేదు, రాకూడని చోట వచ్చింది. అయినా నేను దాన్ని మార్చమని అనను. పత్రికలు, పాఠ్యపుస్తకాలు, పటాలు అన్నీ ఒక రూపాన్ని స్వీకరించిన తరువాత ఒక్కరు వేరుగా రాస్తే పాఠకుడు అది మరో దేశమనుకుంటాడు. పైగా ఆ రూపంలో రష్యా చొరబడలేదు, కాబట్టి హాని లేదు. ‘బెలారష్యన్’ విషయంలో మాత్రం నేను గట్టిగా వద్దంటాను. ఇంగ్లీషు మాట్లాడేవారిలో కొందరు ఈ విశేషణాన్ని ‘రషన్’ అన్నట్టు పలుకుతారు, మరికొందరు ‘రూసియన్’ అని పలుకుతారు. ఇంగ్లీషులో ఆ రెండు పలుకులకూ రాత ఒక్కటే కాబట్టి వారికి పెద్ద చిక్కు లేదు. తెలుగులో మనం పలికినట్టే రాస్తాం. ‘ష్య’ అని రాయగానే పాఠకుడి మనసులో రష్యా మెదులుతుంది, మీ ప్రశ్నలో ఉన్న అయోమయం మొదలయ్యేది అక్కడే. ‘బెలారుసియన్’ అని రాస్తే మూలంలోని ‘రుస్’ నిలుస్తుంది, నోటికీ తేలికగా ఉంటుంది. ‘బెలారసియన్’ తప్పని అనలేను కానీ, మూలంలో ఉన్న ఉకారాన్ని పోగొట్టుకోవడం ఎందుకని అడుగుతాను.

ఇంకొక మాట. తెలుగు వాక్యంలో ఈ విశేషణం అవసరం ఇంగ్లీషులో ఉన్నంతగా లేదు. మనం జర్మనీ ప్రభుత్వం అంటాం, జర్మన్ భాష అంటాం. ఇటలీ ప్రధాని అంటాం, ఇటాలియన్ భాష అంటాం. రాజ్యానికి, భూభాగానికి, పౌరసత్వానికి సంబంధించిన చోట దేశం పేరునే ముందు పెట్టడం, భాషకూ జాతికీ సంబంధించిన చోట విశేషణం వాడడం మన భాషకు సహజంగా అబ్బిన పద్ధతి. అదే ఇక్కడా పాటిస్తే మీ మొదటి సందేహం పూర్తిగా తీరుతుంది. బెలారస్ ప్రభుత్వం, బెలారస్ పొటాష్, బెలారస్ విశ్వవిద్యాలయం, బెలారస్ క్రీడాకారిణి అని రాయండి. బెలారుసియన్ భాష, బెలారుసియన్ వ్యాకరణం, బెలారుసియన్ జానపద గేయం, పోలండ్‌లోని బెలారుసియన్లు అని రాయండి. చివరి ఉదాహరణను గమనించారా? పోలండ్‌లో బ్యావిస్తోక్ చుట్టుపక్కల తరతరాలుగా ఉంటున్న బెలారుసియన్లు పోలండ్ పౌరులు, వారిని బెలారస్ వారు అంటే తప్పు. అలాగే బెలారస్‌లో ఉన్న వారందరూ బెలారుసియన్లు కారు. 2019 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశ జనాభాలో బెలారుసియన్లు 84.9 శాతం, రష్యన్లు 7.5 శాతం, పోలిష్ వారు 3.1 శాతం. రాజధాని మిన్‌స్క్‌లో పుట్టి పెరిగిన రష్యన్ జాతీయుడు బెలారస్ పౌరుడే, తనను బెలారుసియన్ అని చెప్పుకోవడమా మానడమా అన్నది అతని ఇష్టం. మనకు ఈ సంగతి అర్థం కావడం కష్టమేమీ కాదు. తెలుగువారందరూ ఆంధ్రులు కారని, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవారందరి మాతృభాష తెలుగు కాదని మనకు తెలుసు. ఆ మాటలను కలిపేసి వాడితే ఎవరికి బాధ కలుగుతుందో కూడా మనకు అనుభవమే.

ఈ పద్ధతి ఎక్కడ తడబడుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే అనువాదకులకు అసలు కష్టం అక్కడే. 2015లో సాహిత్యంలో నోబెల్ బహుమతి పొందిన స్వెత్లాన అలెక్సియేవిచ్‌ను తీసుకోండి. ఆమె నేటి ఉక్రెయిన్‌లో పుట్టారు. తండ్రి బెలారుసియన్, తల్లి ఉక్రేనియన్. బెలారస్‌లో పెరిగి అక్కడే చదువుకున్నారు. రాసేది రష్యన్ భాషలో. ఇంగ్లీషు వార్తలో ఆమెను బెలారుసియన్ రచయిత్రి అని రాస్తే అందులో తప్పు లేదు, ఎందుకంటే ఆ మాట దేశాన్ని సూచిస్తోంది. దాన్ని తెలుగులో యథాతథంగా ‘బెలారుసియన్ రచయిత్రి’ అని దించితే, తమిళ రచయిత్రి, కన్నడ రచయిత్రి అనే మన వాడుకను బట్టి ఆమె బెలారుసియన్ భాషలో రాస్తారని పాఠకుడు అనుకుంటాడు. అక్కడ ‘బెలారస్ రచయిత్రి’ అనాలి, వీలైతే రష్యన్‌లో రాస్తారని ఒక మాట చేర్చాలి. అదే వసీల్ బీకవ్ విషయంలో అయితే బెలారుసియన్ రచయిత అనడం రెండు విధాలా సరిపోతుంది, ఆయన యుద్ధ నవలలు ఆ భాషలోనే రాశాడు. వీతెబ్స్క్‌లో 1887లో పుట్టిన చిత్రకారుడు మార్క్ షగాల్ యూదు కుటుంబంలో పుట్టినవాడు, ఇంటి భాష యిద్దిష్. ఆయనను బెలారుసియన్ చిత్రకారుడు అనేకంటే వీతెబ్స్క్‌లో పుట్టిన యూదు చిత్రకారుడు అనడం సత్యానికి దగ్గర. 1920లలో ఆ సోవియట్ గణరాజ్యంలో బెలారుసియన్, రష్యన్, పోలిష్, యిద్దిష్ నాలుగూ అధికార భాషలుగా ఉండి, రాజచిహ్నం మీద నాలుగు భాషల్లోనూ నినాదం రాసి ఉండేదన్న సంగతి గుర్తుంటే, ఆ నేల మీద పుట్టిన ప్రతివారినీ ఒకే మాటలో ఇమడ్చడం ఎందుకు కుదరదో తెలుస్తుంది.

మన వైపు నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. బెలారస్‌లోని వైద్య విశ్వవిద్యాలయాలకు మన తెలుగు పిల్లలు కూడా చదువుకు వెళుతున్నారు. మా అబ్బాయి బెలారుసియన్ భాష నేర్చుకుంటున్నాడు అని ఒక తండ్రి నాతో సంతోషంగా చెప్పాడు. తీరా ఆ అబ్బాయి పుస్తకాలు చూస్తే అవి రష్యన్ వాచకాలు. ఆసుపత్రిలో రోగులతో మాట్లాడడానికి ఆ పిల్లలకు సాధారణంగా నేర్పేది రష్యనే. ఆ తండ్రిది తప్పు అనలేము. జపాన్‌లో జపనీస్ మాట్లాడతారు కాబట్టి బెలారస్‌లో బెలారుసియన్ మాట్లాడతారనుకోవడం సహజమే. కానీ అక్కడి పరిస్థితి వేరు. 1995 మే నెలలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ తరువాత రష్యన్‌కు బెలారుసియన్‌తో సమానమైన అధికార హోదా వచ్చింది. 2009 జనాభా లెక్కల్లో 53.2 శాతం మంది బెలారుసియన్‌ను మాతృభాషగా చెప్పుకున్నారు, ఇంట్లో మాట్లాడేది ఆ భాషేనని చెప్పినవారు మాత్రం 23.4 శాతమే. యునెస్కో దాన్ని ప్రమాదపు అంచున ఉన్న భాషల పట్టికలో చేర్చింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరాన్ని చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. మాట్లాడకపోయినా అది మా భాష అని రాయించుకున్న ఆ జనాన్ని తలచుకొనే, వారి భాష పేరును సరిగా రాయమని ఇంత పట్టుబడుతున్నాను.

ఈ రెండు భాషలూ కలగలిసిన వాడుకను అక్కడివారు ‘త్రస్యాంక’ అంటారు. పశువుల కోసం రెండు రకాల గడ్డి కలిపి విదిలించిన మేతకు అది పేరు. కాస్త చులకనగా వాడే మాట కాబట్టి, ఎవరి మాటతీరునైనా వర్ణించేటప్పుడు దాన్ని జాగ్రత్తగా వాడండి. అది బెలారుసియన్ భాషకు మరో పేరు కాదు.

వ్యక్తుల పేర్లూ ఊళ్ల పేర్లూ రెండు రూపాల్లో కనిపిస్తాయి. రష్యన్ రూపం గోమెల్ అయితే బెలారుసియన్ రూపం హోమెల్, ఎందుకంటే రష్యన్ ‘గ’ ఉన్న చోట వీరు ‘హ’కు దగ్గరగా పలుకుతారు. గ్రోద్నో హ్రోద్న అవుతుంది. దేశాధ్యక్షుడు లుకషెంకో లుకషెంక అవుతాడు, అది ఇందాక చెప్పిన ‘ఒ’, ‘అ’ల నియమమే. ఒక వ్యాసంలో ఏదో ఒక రూపాన్ని ఎంచుకొని చివరి వరకూ అదే పాటించండి. ఆ దేశపు భాష గురించో సాహిత్యం గురించో రాస్తుంటే బెలారుసియన్ రూపాలు వాడడం ఉచితం. వార్త రాస్తుంటే పాఠకుడికి అలవాటైన రూపం వాడినా దోషం లేదు.

చివరిగా, పాత అనువాదాలు చదివేటప్పుడు ఎదురయ్యే ఒక ఉచ్చు గురించి హెచ్చరించాలి. ఇంగ్లీషులో ‘వైట్ రష్యన్’ అనే మాటకు పూర్వం బెలారుసియన్ అనే అర్థం ఉండేది. 1917 విప్లవం తరువాత బోల్షివిక్కులను ఎదిరించిన శ్వేత సేనలవారికీ, దేశం విడిచి పారిస్, చైనాలోని హార్బిన్ వంటి నగరాలకు వెళ్లిన వారికీ అదే మాట వాడారు. నా తొలి అనువాదాల్లో ఒకదానిలో నేను ఈ రెండింటినీ తారుమారు చేశాను. హార్బిన్‌లో ఉన్న ఒక మాజీ సైనికాధికారిని బైలోరష్యా వాడిగా చేశాను, అది అచ్చయిన తరువాత గాని పొరపాటు తెలియలేదు. అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి ఇది. ఆ మాట ఎదురైనప్పుడు పక్కన సైన్యం, వలస, చక్రవర్తి, విప్లవం వంటి ప్రస్తావనలు ఉంటే ‘శ్వేత పక్షపు రష్యన్లు’ అని రాస్తాను. మిన్‌స్క్, వీతెబ్స్క్, పల్లెభాష, జనాభా లెక్క వంటి ప్రస్తావనలు ఉంటే ‘బెలారుసియన్లు’ అని రాస్తాను. బైలోరష్యా అన్న పాత తెలుగు రూపాన్ని మాత్రం ఉల్లేఖనలలోనూ, సోవియట్ గణరాజ్యపు అధికారిక నామంగా చెప్పవలసిన చోటా అలాగే ఉంచుతాను. పాత పుస్తకాల జాబితాల్లో వెతికేటప్పుడు మీరూ బైలోరష్యా, బెలోరష్యా అనే రెండు రూపాలతోనూ వెతకండి. లేకపోతే ఆ భాష నుంచి తెలుగులోకి వచ్చిన కథలూ కవితలూ మీ కంటపడకుండానే మిగిలిపోతాయి.